ఓక్ పీపా స్టౌట్ ఘాటుగా ఉందా? చల్లదనం తగ్గించి చూడండి

అన్నా, అమెరికా నుంచి వచ్చిన ఓక్ పీపా స్టౌట్ (విస్కీకి వాడేసిన ఓక్ చెక్క పీపాలో ఊరబెట్టిన నల్ల బీరు) చేదుగా ఉంది, విస్కీ ఘాటు కొడుతోంది, పాడైందా అని అడిగారు కదా. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగానన్నారు, చిక్కంతా అక్కడే. మరీ చల్లగా ఉంటే చేదు తప్ప ఏదీ తెలీదు. అలాగని మన హైదరాబాద్ ఎండాకాలంలో బయట వదిలేస్తే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది. 12 డిగ్రీలు బాగుంటుంది. రెండో సీసా తీసి ఓ 20 నిమిషాలు ఆగండి. నోరు సన్నగా ఉన్న గ్లాసులో మూడో వంతే పోసి, ముందు వాసన చూడండి.

బర్బన్ అనే అమెరికా విస్కీకి లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలని అమెరికా చట్టం. వాడేసినవి కొన్ని బీరు వాళ్లకు చేరతాయి. వనిల్లా, కొబ్బరి వాసన ఆ చెక్కదే. విస్కీ ఘాటూ ఆ పీపాదే, లోపం కాదు. పుల్లగా ఉంటే అనుమానించండి. ఆల్కహాల్ 12 శాతం దాటే సరుకిది, ముగ్గురు పంచుకోండి, తాగాక బండి తీయొద్దు.