ఆది జాకెట్టు ఇవ్వకుండా కుట్టమంటే ఎలా?

ప్రశ్న: గాజువాకలో ఇంటి దగ్గరే టైలరింగ్ చేస్తాను. వయసు 38. తెలిసిన ఏజెంటు ఒక పాలసీ తెచ్చారు. ఏటా లక్ష చొప్పున పదేళ్లు కడితే, 15 ఏళ్ల చివర 16 లక్షలు గ్యారంటీ అంటున్నారు. ‘60 శాతం లాభం’ అన్నారు. ఫోన్‌లో ఏఐ చాట్‌బాట్‌ని ‘ఈ పాలసీ మంచిదేనా?’ అని అడిగితే ఐఆర్‌ఆర్, సరెండర్ వాల్యూ అంటూ రెండు పేజీలు ఇచ్చింది. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. దాన్ని ఎలా అడగాలండీ?

జవాబు: అమ్మా, ఎవరైనా గుడ్డ మీ చేతిలో పెట్టి ‘మంచి జాకెట్టు కుట్టండి’ అని వెళ్లిపోతుంటే మీరు పిలిచి ఆది జాకెట్టు అడుగుతారు. చాట్‌బాట్ చాలాసార్లు అడగదు. అందరికీ పట్టే సైజులో ఏదో ఒకటి కుట్టి ఇచ్చేస్తుంది. మీకొచ్చిన రెండు పేజీలు అలాంటివే.

కాబట్టి ఆది మీరే ఇవ్వాలి. మీకేం తెలుసో, ఏం తెలియదో చెప్పాలి. ‘మంచిదేనా’ అని కాకుండా, లెక్క తేలే ప్రశ్న వేయాలి. మీ పాలసీకి నేనైతే ఇలా రాస్తాను:

‘నేను టైలర్ని. చీటీ లెక్కలు తెలుసు, ఐఆర్‌ఆర్ అంటే తెలియదు. ప్రతి ఏడాది మొదట్లో లక్ష చొప్పున 10 సార్లు కడతాను. మొదటిసారి కట్టిన 15 ఏళ్లకు 16 లక్షలు వస్తాయి. మధ్యలో ఏమీ రాదు. ఇదే డబ్బు బ్యాంకులో వేస్తే ఏడాదికి ఎంత శాతం వడ్డీకి సరిగ్గా 16 లక్షలవుతుంది? ఏడాదివారీగా పట్టిక వేసి చూపించు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పు. వివరం ఏదైనా తక్కువైతే ఊహించకు, నన్నడుగు.’

ఈ లెక్క నేనూ వేసి చూశాను. దాదాపు 4.5 శాతం వస్తుంది. ఆ 60 శాతం 15 ఏళ్లకు కలిపి చెప్పిన మాట. మీ మొదటి లక్ష 15 ఏళ్లు వాళ్ల దగ్గర ఉంటుంది, పదో లక్ష ఆరేళ్లే ఉంటుంది. చీటీలో ముందు పాడుకున్నవాళ్లకీ చివరిదాకా ఆగినవాళ్లకీ తేడా మీకు నేను చెప్పాలా! ఐఆర్‌ఆర్ అంటే ఏ లక్ష ఎన్నాళ్లు ఉందో చూసి లెక్కగట్టే వడ్డీ రేటు, అంతే.

పట్టిక వచ్చాక మొదటి రెండు వరుసలు మీ క్యాలిక్యులేటర్‌తో సరిచూడండి. మొదటి ఏడాది చివర 1,04,500. దానికి ఇంకో లక్ష కలిపి 1.045తో గుణిస్తే సుమారు 2,13,700. అక్కడే తప్పు ఉంటే మిగతా పట్టికను నమ్మకండి. ఈ బాట్‌లు తప్పు లెక్కను కూడా భలే ధీమాగా చెబుతాయి.

సరెండర్ వాల్యూకి, అంటే పాలసీని మధ్యలో వదిలేస్తే చేతికొచ్చే డబ్బుకి, వేరే ప్రశ్న వేయండి. ఏజెంటు ఇచ్చిన బెనిఫిట్ ఇలస్ట్రేషన్‌లో (ఏ ఏడాదికి ఎంత వస్తుందో చూపే కాగితంలో) ఆ వరుసలు మాత్రం టైప్ చేసి, ‘మూడో ఏడాది తర్వాత కట్టలేకపోతే చేతికి ఎంత వస్తుంది? ఇందులో ఉన్నదే చెప్పు, లేకపోతే లేదని చెప్పు’ అనండి. ఏడో ఏడాదిలో మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు ఎంత వస్తుందన్నది మూడో ప్రశ్న. అన్నీ ఒకేసారి గుప్పిస్తే మళ్లీ రెండు పేజీలే. పేరు, పాన్, ఆధార్, పాలసీ నంబరు మాత్రం అందులో పెట్టకండి.

రూల్స్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే తిప్పి పంపే ఫ్రీ లుక్ గడువు ఎంతని ఒకసారి అడిగితే బాట్ నాకు 15 రోజులని చెప్పింది. అది పాత రూలు. 2024లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ దాన్ని 30 రోజులు చేసింది. అందుకే రూలు ఏదైనా పాలసీ కాగితంలోనే చూడండి.

అర్థమైందనిపించాక ఒక పని చేయండి. మీ అక్కకో చెల్లికో చెప్పినట్టు ఆ పాలసీని మీ మాటల్లో నాలుగు లైన్లు రాసి, ‘ఇందులో నేను తప్పుగా అనుకున్నది ఏది?’ అని బాట్‌ని అడగండి. నాకైతే అసలు ఉపయోగం ఇక్కడే కనిపిస్తుంది. నా క్లయింట్లకు పెట్టే మెసేజ్‌లను నేనూ ఇలాగే చూపించుకుంటాను.

ఇక కొనాలా వద్దా అన్నది బాట్‌ని అడగకండి, నా మాట నేను చెబుతాను. పొదుపు కోసమైతే నేను కొనను. ఇదే లక్ష పదేళ్లు పీపీఎఫ్‌లో (ప్రభుత్వ పొదుపు ఖాతాలో) వేసి, చివరి ఐదేళ్లు ఖాతా ఆగిపోకుండా ఏటా 500 కడితే, ఇప్పటి 7.1 శాతం వడ్డీ అలాగే ఉంటే చేతికి 21 లక్షల దాకా వస్తుంది. ఆ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి చూస్తుంది కాబట్టి మారొచ్చు. పీపీఎఫ్‌లో బీమా ఉండదు. దానికి విడిగా టర్మ్ పాలసీ, అంటే పొదుపు లేకుండా బీమా మాత్రమే ఉండేది, తీసుకోవాలి. మీ వయసుకు ప్రీమియం ఎంతో రెండు మూడు కంపెనీల్లో కనుక్కోండి. ఏజెంటు గారు మళ్లీ వచ్చినప్పుడు ఆ 4.5 శాతం పట్టిక ఆయన ముందు పెట్టండి, ఏమంటారో విని నాకు రాయండి. అప్పటిదాకా సంతకం పెట్టకండి.