హంగామి, ఆపద్ధర్మ, తాత్కాలిక

సందేహం: మేం బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాం. 2024లో బ్రిటన్‌లో కన్సర్వేటివ్ పార్టీ ఓడిపోయాక, కొత్త నాయకుడు వచ్చేదాకా రిషి సునాక్ ఒక ‘షాడో క్యాబినెట్’ (మంత్రుల పనిని నిలదీసే ప్రతిపక్ష జట్టు) వేశారు కదా. దాన్ని తెలుగులో ‘ఆపద్ధర్మ నాయకత్వం’ అనాలా, ‘మధ్యంతర’ అనాలా? కన్నడ పత్రికలు ఇలాంటి చోట ‘హంగామి’ అంటాయి. అది వింటే మా ఇంట్లో అందరికీ హంగామా గుర్తొచ్చి నవ్వొస్తోంది.

సమాధానం: నవ్వితే నవ్వారు గానీ, మీవాళ్లు పట్టుకున్న చుట్టరికం నిజమే. పారసీలో ‘హంగామ్’ అంటే కాలం, అదను. మనం ఖరీఫ్ సీజన్ అనేదాన్ని కన్నడంలో ‘ముంగారు హంగాము’ అంటారు. ఆ అదను వరకే ఉండేది హంగామి. ‘హంగామా’ కూడా ఆ కుదురుదే. తెలుగులోకి వచ్చేసరికి దానికి గోల, హడావిడి అన్న అర్థమే మిగిలింది. అందుకే ‘హంగామి అధ్యక్షుడు’ అని రాస్తే మనవాళ్లు అచ్చుతప్పు అనుకుంటారు.

‘ఆపద్ధర్మ’ ఇక్కడ అసలు నప్పదు. ఆపద వేళ మామూలు నియమాన్ని సడలించి నడుచుకోవడం ఆపద్ధర్మం. మహాభారతం శాంతిపర్వంలో ఆ పేరుతో ఒక భాగమే ఉంది. పత్రికలు ఆ మాటను ప్రభుత్వానికి అంటగట్టాయి, బాగానే కుదిరింది. రాజీనామా చేసిన ముఖ్యమంత్రిని కొత్తవారు వచ్చేదాకా ఉండమంటారు, ఎందుకంటే ఆ కుర్చీ ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదు. 2023 మే 13న కర్ణాటక శాసనసభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి, ఆ రాత్రే బసవరాజ్ బొమ్మై రాజీనామా ఇచ్చారు, 20న సిద్ధరామయ్య ప్రమాణం చేశారు. ఆ వారం రోజులూ బొమ్మై ఆపద్ధర్మ ముఖ్యమంత్రి. ఆ తర్వాత బీజేపీ నవంబరు దాకా శాసనసభలో ప్రతిపక్ష నేతనే ఎంచుకోలేదు. ఆ ఆరు నెలల ఖాళీకి ఏ విశేషణం తగిలించాలో మాత్రం నన్నడగకండి. అధికారం పోయిన పార్టీ చేతిలో కాపాడాల్సిన కుర్చీ లేదు, కాబట్టి ఆపద్ధర్మమూ లేదు. ఓడినవాళ్లు మాది ఆపద కాదా అంటే అది వేరే సంగతి.

అన్నట్టు, కొందరు దీన్ని ‘అపధర్మ’ అని రాస్తున్నారు. అపకీర్తిలో ఉన్న ‘అప’ అది. అలా రాస్తే ధర్మం తప్పిన ప్రభుత్వం అవుతుంది!

‘మధ్యంతర’ తప్పు కాదు గానీ, ఆ మాట మీద ఇప్పటికే బరువెక్కువ. మధ్యంతర భృతి, మధ్యంతర బెయిలు, మధ్యంతర ఉత్తర్వు అన్నప్పుడు అసలుది తేలేలోపు ఇచ్చేది. మధ్యంతర ఎన్నికలంటే గడువు తీరకుండా వచ్చేవి. ‘మధ్యంతర నాయకత్వం’ అనగానే ఎన్నికలు ముంచుకొచ్చాయేమోనని టెన్షన్ పడేవాళ్లుంటారు. ఇచ్చేవాటికి ఆ మాటను ఉంచేసి, మనుషులకు ‘తాత్కాలిక’ వాడటం నాకిష్టం.

ఈ తాత్కాలికం కథా తమాషాగానే ఉంటుంది. ‘తత్కాలం’ అంటే ఆ సమయం. సంక్రాంతికి ఊరెళ్లడానికి మీరు తెల్లారి తంటాలుపడే తత్కాల్ టికెట్‌లోదీ అదే మాట. హిందీవాళ్లకు అది ‘వెంటనే’ అయింది, మనకు ‘కొన్నాళ్లకే’ అయింది.

ఇక షాడో క్యాబినెట్‌కు ‘నీడ మంత్రివర్గం’ చాలు, ‘ఛాయా’ దాకా వెళ్లక్కర్లేదు. ఒక్కో మంత్రి వెంట ప్రతిపక్షం నుంచి ఒకరు నీడలా ఉండి ఆ శాఖ పనిని నిలదీస్తారు. 2024 జులై 4న పోలింగ్ జరిగితే 8న సునాక్ ఈ జట్టును ప్రకటించారు. అంతకుముందు వారం ఆర్థికమంత్రిగా ఉన్న జెరెమీ హంట్, తను దిగిన కుర్చీకే నీడయ్యారు. నవంబరు 2న కెమీ బేడెనాక్ పార్టీ నాయకురాలిగా ఎన్నికయ్యేదాకా ఈ ఏర్పాటు సాగింది.

రాసేటప్పుడు మాటల వరస చూసుకోండి. ‘తాత్కాలిక ప్రతిపక్ష నాయకత్వం’ అంటే తాత్కాలికం ప్రతిపక్షమో, నాయకత్వమో తెలీదు. ‘ప్రతిపక్షానికి తాత్కాలిక నాయకత్వం’ అనండి. మీ వాక్యానికైతే ‘తాత్కాలిక నీడ మంత్రివర్గం’ సరిపోతుంది. నీడ తాత్కాలికమా, మంత్రివర్గం తాత్కాలికమా అని అక్కడ ఎవరూ పేచీ పెట్టరు.