ఫ్యాక్టరీ రీసెట్‌కి ముందు అల్లుడికో ఉత్తరం

పాలకొల్లు,
గురువారం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో గబగబా చెప్పేశావు, నేనూ ఊఁ కొట్టేశాను. పెట్టేశాక నిద్ర పట్టలేదు. "మా రొయ్యల ప్లాంటులో అందరి డేటాకీ నకళ్ళు దాచే బ్యాకప్ సర్వర్ మొరాయిస్తోంది మావయ్యా, ఆదివారం రాత్రి డిస్కులోనే విడిగా ఉన్న రికవరీ పార్టిషన్ నుంచి ఫ్యాక్టరీ సెట్టింగులకి తెచ్చేస్తాను, గంట పని" అన్నావు. ఆ గంట పనికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు పని ఉంటుంది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

అసలు అది ఎందుకు మొరాయిస్తోందో నువ్వు చెప్పలేదు. విండోస్ పాడైతే రీసెట్ మందే. డిస్కే పోతుంటే మాత్రం మందు కాదు, దాన్ని రాత్రంతా రాయించి ఇంకాస్త తొందరగా సాగనంపడమే. డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ తీసి చూడు. రీఅలొకేటెడ్ సెక్టర్ల (చెడిపోయి పక్కన పెట్టిన ముక్కల) అంకె పెరుగుతూ పోతుంటే ముందు కొత్త డిస్కు తెప్పించు, రీసెట్ సంగతి తర్వాత. మూత కూడా ఒకసారి విప్పు. నరసాపురం వైపు ఉప్పుగాలికి కేబుల్ కొనలు తుప్పు పడతాయి. నేనొకసారి ఉన్నట్టుండి ఆగిపోతున్న సర్వర్‌కి రెండు రోజులు అది రాసుకునే లాగ్ ఫైళ్ళు చదివి చదివి కళ్ళు కాయలు కాయించుకున్నాను. చివరికి పవర్ సప్లయ్ విప్పితే లోపల ఎండిపోయిన బల్లి, తోకతో సహా. ఆ రెండు రోజుల చదువు దండగ.

ఇంకో అనుమానం. ఫైళ్ళ పేర్ల చివర తెలియని తోకలు కనిపించినా, డబ్బు అడిగే నోటీసు ఏ ఫోల్డర్‌లో ఉన్నా రీసెట్ జోలికి పోకు. నెట్‌వర్క్ కేబుల్ పీకేసి వదిలెయ్. హ్యాకర్లు ఎలా దూరారో చెప్పే ఆనవాళ్ళు ఆ డిస్క్ మీదే ఉంటాయి, రీసెట్ కొడితే నువ్వే తుడిచేసినట్టు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం అలాంటిది మన దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు వాళ్ళకి తెలపాలి. ఆ మాట మీ మేనేజర్ చెవిన వెయ్యి. దాడి జరిగిన మెషీన్‌లో రికవరీ పార్టిషన్‌ని కూడా నమ్మకూడదు, బయట శుభ్రమైన మెషీన్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తోనే వెయ్యాలి.

ఇవేవీ కావనుకుందాం, ఉత్త విండోసే చెడిందనుకుందాం. రికవరీ పార్టిషన్ అంటే తిండిగింజల్లో కలవకుండా వేరేగా పురి కట్టిపెట్టిన విత్తనపు ధాన్యం లాంటిది. ఎప్పుడూ ముట్టుకోం, అవసరం పడితే మళ్ళీ అందులోంచే మొలకెత్తించుకుంటాం. కానీ అదున్నది అదే ఇంట్లో! 1986 ఆగస్టు గోదావరి వరదలో మా మేనత్తగారి ఇంట్లో తిండిగింజలూ విత్తనాలూ కలిసే నానాయి. డిస్క్ పోతే పార్టిషనూ పోతుంది. అందుకని సర్వర్ ఇంకా లేస్తుండగానే ఆ కంపెనీ వాళ్ళ టూల్ ఉంటే దాంతో రికవరీ మీడియా ఒక పెన్‌డ్రైవ్‌లోకి చేసుకో.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే "రికవరీ" అని రాసున్న ముక్క కనిపిస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. దాని సైజు చూడు. ఐదొందలో వెయ్యో ఎంబీ ఉంటే అది విండోస్ తనకోసం పెట్టుకున్న రిపేరు సామాను మాత్రమే. అందులో ఫ్యాక్టరీ ఇమేజ్, అంటే కొన్ననాటి విండోస్ పూర్తి నకలు, ఉండదు. ఇమేజ్ ఉన్నది సాధారణంగా చాలా జీబీలు ఉంటుంది. మీకు ముందు పనిచేసినాయన ఎవరో స్థలం చాల్లేదని దాన్ని తీసేసి ఉండొచ్చు కూడా. ఆ సంగతి ఆదివారం రాత్రి కాదు, రేపే తెలుసుకో.

ఉందనే అనుకుందాం. అది తిరిగి ఇచ్చేది డబ్బాని, డబ్బా కొన్నరోజు ఎలా ఉందో అలా. సర్వర్ పేరు, ఐపీ అడ్రస్, యూజర్లు, ఏ మెషీన్ బ్యాకప్ ఎన్ని గంటలకి నడవాలన్న జాబితా, లైసెన్సు, అన్నీ పోతాయి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన జాబితా పుస్తకం సాధారణంగా సీ డ్రైవ్‌లోనే రాసుకుంటుంది. అది పోతే, డేటా డిస్కులో ఫైళ్ళు భద్రంగా ఉన్నా ఏది ఎవరిదో దానికి తెలియదు, మళ్ళీ మొత్తం చదివించి ఎక్కించుకోవాలి. కాన్ఫిగరేషన్ ఎక్స్‌పోర్ట్ అనే సదుపాయం ఉంటే వాడి, ఆ ఫైల్ నీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకో. మిగతావాటికి ప్రతి స్క్రీన్‌నీ సెల్‌తో ఫొటో తీసుకో. రాసుకుంటే తప్పు పడుతుంది, ఫొటోలో పడదు.

అన్నిటికంటే పెద్దది పాస్‌ఫ్రేజ్, అంటే బ్యాకప్ తాళం తీసే రహస్యపు మాట. బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే ఆ మాట లేకుండా ఆ డేటా ఉన్నా లేనట్టే. కంపెనీ వాడికి ఫోన్ చేసినా విప్పలేడు. ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో, దాళ్వా కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఇదే పని చేశాను. రీసెట్ బ్రహ్మాండంగా అయ్యింది. సాఫ్ట్‌వేర్ ఎక్కించి బ్యాకప్‌లు దాచిన పాత రిపాజిటరీ చూపించగానే తెర మీద చిన్న పెట్టె వచ్చి పాస్‌ఫ్రేజ్ అడిగింది. నా గుండె జారింది. అది పెట్టిన కుర్రాడు అప్పటికి కువైట్ వెళ్ళి డ్రైవరుగా చేస్తున్నాడు. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేస్తే పాపం ఎత్తాడు, అక్కడ తొమ్మిదిన్నర. "మావుళ్ళమ్మ తల్లి పేరండీ, చివర మా పెళ్ళయిన సంవత్సరం" అన్నాడు. అమ్మవారి పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆ రాత్రే తెలిసింది. ఎల్ ఒకటా రెండా, మొదట్లో ఏ ఒకటా రెండా, చివరి ఎమ్ సంగతేంటి? కొట్టగా కొట్టగా పదకొండోసారికి తెరుచుకుంది. మిల్లు యజమాని పక్కనే కుర్చీలో కూర్చుని ఒక్క మాట అనకుండా నన్నే చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళగానే ఆ పాస్‌ఫ్రేజ్ ఎవరికి తెలుసో కనుక్కో. తెలుసని అంటే నమ్మకు. వేరే కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ పెట్టి, ఆ మాట కొట్టించి, ఒక ట్యాలీ కంపెనీ డేటా వెనక్కి తెప్పించి, తెరిచి, అకౌంట్స్‌లో ఉన్న అమ్మాయితో నిన్నటి ఓచర్ ఉందో లేదో చూపించుకో. అలాగే ఏ చెరువు రొయ్య ఏ లాట్‌లోకి వెళ్ళిందో, ల్యాబ్ రిపోర్ట్ ఏమిటో ఉన్న ఫోల్డర్ ఒకటి. ఎగుమతి సరుకు మీద ఎవరైనా అడిగితే మీ దగ్గరున్న జవాబు అదే. ఆ రెండూ తెరుచుకుంటే వాటిని, మిగతా ముఖ్యమైనవాటిని ఒక బయటి డిస్క్‌లోకి కాపీ చేసి ప్లాంటులో కాకుండా మీ ఎండీ గారి ఇంట్లో పెట్టించు. రీసెట్ జరిగే ఆ కాసేపు కంపెనీకి బ్యాకప్పే ఉండదు. సరిగ్గా అప్పుడే అసలు సర్వర్ పోతే? పోదులే అంటావు. పోయిన చోట నేనున్నాను.

డేటా డిస్కుల విషయం. ఓఎస్ (అంటే విండోస్) వేరే డిస్కుల మీద, డేటా వేరే రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే ఏర్పాటు) మీద ఉంటే నీ అదృష్టం. సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ఒక్కో డేటా డిస్క్ మీదా మార్కర్‌తో అరల వరుస సంఖ్య వేసి, అన్నీ బయటికి లాగి గుడ్డ మీద పేర్చుకో. లోపల లేనిదాన్ని ఏ రికవరీ ప్రోగ్రామూ చెరపలేదు. ఓఎస్, డేటా ఒకే డిస్కుల మీద ఉంటే మాత్రం లాగడం కుదరదు. అప్పుడు మెనూలో ప్రతి వాక్యం రెండుసార్లు చదువు. సిస్టమ్ డ్రైవ్ మాత్రమే అని ఒకటి, మొత్తం అన్నీ అని ఇంకొకటి ఉంటాయి, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏది ఏం చేస్తుందో మాన్యువల్‌లో చూడకుండా ఎంటర్ మీద వేలు పెట్టకు.

డిస్కులు లాగినవాడివి మళ్ళీ పెట్టినప్పుడు రెయిడ్ కంట్రోలర్ "ఫారిన్ కాన్ఫిగరేషన్" దొరికిందని అరుస్తుంది. భయపడకు. ఎక్కడి నుంచో వచ్చిన డిస్కులు, వీటిని ఏం చెయ్యమంటావని అడుగుతోందంతే. ఇంపోర్ట్, అంటే పాత అమరికతోనే తీసుకో అనడం, నీది. క్లియర్ అనేది నీది కాదు. ఇనిషియలైజ్ అనేది నీ జన్మలో ముట్టుకోకూడనిది. ఆ తెర వచ్చినప్పుడు ఏమీ నొక్కకుండా ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, ఎంత రాత్రైనా సరే.

ఆదివారం రాత్రి కరెంటు సంగతి మీ ఎలక్ట్రీషియన్‌తో ముందే మాట్లాడుకో. జనరేటర్‌లో డీజిల్ ఉందా, యూపీఎస్ బ్యాటరీలు నిజంగా నిలబడుతున్నాయా చూసుకో. సగంలో పవర్ పోతే అటూ ఇటూ కాకుండా పోతుంది. శాతం అంకె ఒకచోట ఇరవై నిమిషాలు కదలకపోవచ్చు. డిస్క్ లైటు మినుకుమంటోందంటే పని జరుగుతున్నట్టే. టీ తాగి రా. బటన్ మీద చెయ్యి వెయ్యకు.

సర్వర్ తిరిగి లేచాక ముందు దాని గడియారం చూడు. పాత సర్వర్లలో బోర్డు మీదుండే రూపాయి బిళ్ళంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, అప్పుడు తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే సర్టిఫికెట్లు పనిచేయవు, అప్‌డేట్లు రావు, తప్పెక్కడో తెలియక నువ్వు జుట్టు పీక్కుంటావు. టైమ్ జోన్ కూడా అమెరికాది ఉండొచ్చు. ఒక చలికాలం నేను అది మార్చడం మరిచిపోతే రాత్రి 11కి పెట్టిన బ్యాకప్ మర్నాడు మధ్యాహ్నం 12:30కి మొదలై, బిల్లింగ్ కౌంటర్‌లో అందరి మెషీన్లూ నత్తనడక నడిచాయి. నన్ను కాక ఇంటర్నెట్ వాడిని తిట్టారు, నేనూ గమ్మున ఊరుకున్నాను.

ఫ్యాక్టరీ ఇమేజ్ పాతది. పాస్‌వర్డ్ మాన్యువల్‌లో అచ్చయినదే ఉంటుంది, ఇన్నేళ్ళ ప్యాచ్‌లు ఏవీ ఉండవు. పాస్‌వర్డ్ మార్చి, ఫైర్‌వాల్ వేసి, ఆ తర్వాతే నెట్ కేబుల్ పెట్టు. అది విండోస్ సర్వర్ 2012 ఆర్2 అయితే దానికి మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో ఆగిపోయింది. అలాంటి డబ్బాకి ఈ కష్టమంతా ఎందుకని మీ ఎండీ గారిని అడుగు, కొత్తది కొనిపించడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. ఇంకోటి, ఈసారి దాన్ని డొమైన్‌లో, అంటే ఆఫీసు మెషీన్లన్నిటికీ లాగిన్‌లు ఒకేచోట నడిపే ఏర్పాటులో, కలపకు. డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టేసినవాడికి బ్యాకప్ కూడా పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టవుతుంది. చాలామంది సులువని కలిపేస్తారు, నాకు నచ్చదు.

పేరు, ఐపీ పాతవే పెడితే మిగతా మెషీన్లని తిరిగి జతచేయడం తేలిక. మొదటి పూర్తి బ్యాకప్‌కి టైమ్ లెక్క వేసుకో. ఒక గిగాబిట్ లైన్ మీద బాగా నడిస్తే సెకనుకి 110 ఎంబీ వస్తుంది, అంటే 4 టీబీకి పది గంటలు. సోమవారం పొద్దున్న షిఫ్టు మొదలయ్యేలోపు అవ్వదు. అకౌంట్స్, లాట్ రికార్డులు ముందు నడిపించి, సీసీ కెమెరాల రికార్డింగులు మంగళవారం రాత్రికి తోసెయ్.

పాస్‌ఫ్రేజ్ తెలిసిందో లేదో రేపు సాయంత్రంలోపు ఫోన్ చెయ్యి. తెలియకపోతే ఆదివారం కార్యక్రమం రద్దు, మీ ఎండీ గారితో నేను మాట్లాడతాను. ఎలాగూ వచ్చే వారం ఇటు వస్తానన్నావుగా, మీ అత్తయ్య ఆవకాయ జాడీ కట్టి ఉంచింది, అమ్మకి ఇచ్చెయ్.

మీ మావయ్య