కొండ కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. హాల్లో సగం ఆక్రమించి అరకు ఘాట్ లైను మోడల్ కడుతున్నావట. పట్టాలు పరచడం అయిపోయిందట, ఇక కొండలకు ప్లాస్టర్ వెయ్యడమే మిగిలిందట. చాలా సంతోషం వేసిందిరా. అరకు మీదుగా పోయే, 58 సొరంగాలున్న కొత్తవలస–కిరండూల్ లైనులో మూడైనా మన ఇంట్లో వెలుస్తున్నాయంటే మాటలా! ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ ఇంకో మాట అంది: "పాప చేతులు ప్లాస్టర్‌లో పెట్టించి అచ్చులు తీస్తాడట." అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

ముప్పై ఏళ్లు ఆస్పత్రి ప్లాస్టర్ గదిలో పిండికట్లు కట్టినవాణ్ని, నీకు తెలుసుగా. జిప్సం రాయిని కాల్చి, అందులో ఉన్న నీటిలో ముప్పాతిక వంతు పోగొడితే వచ్చే పొడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీళ్లు తగలగానే ఆ పోయిన నీటిని మళ్లీ పట్టుకుని రాయవుతుంది. ఆ రాయయ్యేటప్పుడే వేడి పుడుతుంది. పల్చటి పొర అయితే గోరువెచ్చగా ఉండి చల్లారిపోతుంది. ముద్దగా పోస్తే లోపల అరవై డిగ్రీల దాకా పోతుంది. 2007లో ఇంగ్లండ్‌లో ఒక పదహారేళ్ల పిల్ల ఆర్ట్ క్లాసులో బకెట్ ప్లాస్టర్‌లో చేతులు పెట్టి, వేళ్లు చాలావరకు పోగొట్టుకుంది.

ఇంగ్లండ్ దాకా ఎందుకు, మన ఇంట్లో జరిగిందే చెప్తాను. అప్పుడు మీ బావకి ఏడేళ్లు. వేసవి సెలవుల్లో కీ ఇస్తే తిరిగే రైలు కొనిచ్చాను. "సొరంగం కావాలి నాన్నా" అన్నాడు. ప్లాస్టిక్ మగ్గులో వాడి పిడికిలి పెట్టించి, చుట్టూ చిక్కటి ప్లాస్టర్ పిండి పోశాను. చెయ్యి తీస్తే సొరంగం వస్తుందని నా ఆలోచన. కొన్ని నిమిషాలకి "వేడెక్కుతోంది నాన్నా" అన్నాడు. "కొంచెం ఓర్చుకో, అయిపోవచ్చింది" అన్నాను. కట్టు తడి ఆరకుండా దిండు మీద పెట్టొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది అని ఆస్పత్రిలో రోజూ కొత్తవాళ్లకి చెప్పే నేనే ఆ మాట అన్నాను! వాడు ఏడుపు అందుకున్నాక లాగితే చెయ్యి రాలేదు. మణికట్టు సన్నం, పిడికిలి లావు, ఎలా వస్తుంది? కత్తెరతో మగ్గు చీల్చి, పచ్చడిబండతో పక్కనుంచి కొట్టాను. ప్రతి దెబ్బకీ వాడి వేలు ఎక్కడుందోనని నా గుండె ఆగినంత పనైంది. బయటికొచ్చిన చెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది, మీద రెండు బొబ్బలు. ఇప్పటికీ అక్కడ తెల్లమచ్చ ఉంది. వాడు దాన్ని చూపించి నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు.

కాబట్టి పాప చెయ్యి ప్లాస్టర్‌లో పెట్టావంటే ఊరుకోను. దానికి వంటింటి ఫాయిల్ ఇయ్యి, నలపమను. ఆ నలిగిన ఫాయిల్‌లో నువ్వు పల్చగా పిండి పోసి, సగం గట్టిపడ్డాక కొండకి అదుము. ఫాయిల్ ఊడదీస్తే అచ్చం బండరాయి.

కొండ మొత్తానికి ముద్ద పొయ్యకు. బరువెక్కి బల్ల వంగుతుంది. కాగితపు ఉండలు పేర్చి, మందుల షాపులో దొరికే పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) బ్యాండేజీ ముక్కల్ని చల్లటి నీళ్లలో ముంచి రెండు మూడు పొరలు వెయ్యి, చాలు. వాల్‌పుట్టీ పైపూతకే, మందంగా వేస్తే పగుళ్లిస్తుంది. విడి పొడి అయితే కొత్త ప్యాకెట్ కొను. విశాఖ గాలిలో నోరు తెరిచి ఉంచిన ప్యాకెట్ నెలకే చచ్చిపోతుంది, కొండ సుద్దలా రాలుతుంది. ముందు రెండు చెంచాల పొడి, చెంచా నీళ్లు కలిపి గిన్నెలో చూసుకో. నీళ్లలోకే పొడి చల్లాలి, పొడిలోకి నీళ్లు కాదు. పాత పిండి అంటుకున్న గిన్నె వాడితే కలుపుతుండగానే బిగుసుకుంటుంది. సింకులో కడగకు, పైపులో రాయి తయారవుతుంది. మాస్క్ పెట్టుకో. పట్టాల మీద టేపు అంటించు.

రంగు సంగతి. తూర్పు కనుమల రాయి ఖోండలైట్, ఎరుపు కలిసిన గోధుమ రంగు. కలిపే నీళ్లలోనే కాస్త జేగురు వెయ్యి. రేపెప్పుడైనా అంచు విరిగినా లోపల తెల్లగా పళ్లికిలించదు.

సొరంగం మూసేముందు నీ దగ్గరున్న అన్నిటికంటే పొడుగు పెట్టెను తోసి చూడు. అసలు రైల్లో 87వ వంతుండే నీ 1:87 స్కేల్లో ఎల్‌హెచ్‌బీ పెట్టె (ఇప్పటి కొత్తరకం బోగీ) 27 సెంటీమీటర్లు, వంపులో నడుము లోపలికీ కొసలు బయటికీ జరుగుతాయి. వెనకవైపు చెయ్యి పట్టే కిటికీ వదులు. రైలు పట్టాలు తప్పేది లోపలే.

నా పాత స్పాచులాలు, అదే ప్లాస్టర్ కలిపే బద్దలు, రెండూ కొరియర్‌లో పంపిస్తున్నాను. చిన్నది పాపకి. ఫాయిల్‌తో మొదటి రాయి తీశాక దానిచేత నాకు ఫోన్ చేయించు.

మీ మావయ్య