మొదటి ఓడ కట్టబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన నక్షా నకలూ అందాయి. ఆఫీసు నుంచి మియాపూర్‌లోని ఇంటికి చేరాక రాత్రిళ్లు దొరికే గంటన్నరలో ఒక చెక్క ఓడను కట్టాలనీ, ముక్కలన్నీ కోసి పెట్టెలో పెట్టి అమ్మే రకం కాకుండా ప్రతి ముక్కనూ నీ చేత్తోనే కోసుకోవాలనీ నిర్ణయించుకున్నావని చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. బాలానగర్‌లో ఒక కర్మాగారంలో ముప్పై ఏళ్లు నక్షాలు గీసినవాణ్ణి నేను. గీసినవాటిని ఎవరో ఎక్కడో తయారు చేసేవారు. నా గీత నా చేతిలోనే వస్తువై నిలబడటం ఓడలు కట్టడం మొదలుపెట్టాకే చూశాను. ఇప్పటికి ఏడు కట్టాను, వాటిలో మొదటి రెండూ చెడిపోయాయి. అవి ఎందుకు చెడ్డాయో చెబితే నీకు ఒక ఏడాది కలిసివస్తుంది.

ముందుగా ఏ ఓడ కట్టాలన్న సంగతి. నువ్వు విక్టరీ కట్టాలంటున్నావు. 1765లో నీటిలోకి దిగిన ఆ ఇంగ్లీషు యుద్ధనౌక పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికీ ఉంది. నక్షాలు సులువుగా దొరుకుతాయి, అందమైన ఓడ, కాదనను. కాని దానిమీద 104 ఫిరంగులున్నాయి. బయటికి కనిపించే ప్రతి ఫిరంగికీ గొట్టం, బండి, చక్రాలు, కట్టిపట్టే తాళ్లు చేయాలి. తెరచాపకొయ్యలు మూడు. ఫిరంగుల డెక్కు పొడవే 186 అడుగులు కనుక అడుగుకు పావు అంగుళం లెక్కన తగ్గించినా అది నాలుగడుగులకు దగ్గరగా వస్తుంది, ముందుకు పొడుచుకువచ్చే కొయ్య దానికి అదనం. చేయి తిరగనివారు ఇలాంటి ఓడను మొదలుపెడితే, రెండో ఏడాది నలభయ్యో ఫిరంగి దగ్గర ఆగిపోయి దాన్ని అటక ఎక్కిస్తారు. అలా అటకెక్కిన ఓడలు ఇద్దరు మిత్రుల ఇళ్లలో నేనే చూశాను.

నా మాట విని మొదటిదిగా మన తీరపు దోనెను కట్టు. పాత ఫ్రెంచి, ఇంగ్లీషు పుస్తకాలలో దోనీ అన్న పేరుతో కనిపించేది ఇదే. ఒకటే తెరచాపకొయ్య, అడుగు భాగం చదును, సరుకు మోయడానికి కట్టిన నిబ్బరమైన ఆకారం. కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతినకముందు ఇలాంటి పడవలకు పేరుపొందిన చోటు. ఫ్రెంచి నావికాధికారి ఎడ్మాన్ పారిస్ కోరమాండల్ తీరానికి వచ్చినప్పుడు ఇక్కడి పడవలను కొలిచి గీసిన నక్షాలు 1840లలో అచ్చయ్యాయి, ఈనాటికీ ఓడలు కట్టేవారు వాటినే ముందు పెట్టుకుంటారు. పెద్ద దోనె పొడవు 70 అడుగులనుకుంటే, అడుగుకు పావు అంగుళం చొప్పున నీది పదిహేడున్నర అంగుళాలు అవుతుంది. నీ బల్ల మీద చక్కగా ఇముడుతుంది. సముద్రం లేని హైదరాబాదులో కూర్చుని దోనె కట్టడమేమిటని నీకు అనిపించవచ్చు గాని, గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఈ రాజ్యపు రేవే, గోదావరి పాయ మీది నరసాపురంలో ఇంగ్లీషు కంపెనీవారు కూడా ఓడలు కట్టించుకున్నారు. ఆ సంప్రదాయం మనకు పరాయిది కాదు.

ఇక నక్షా. ఓడను మూడు వైపుల నుంచి గీస్తారు: పక్క నుంచి, పై నుంచి, ఎదురుగా నుంచి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఓడ ఆకారాన్ని నిలబెట్టే అడ్డచట్రాలను పక్కటెముకలంటారు. పై నుంచి గీసిన బొమ్మలో ఐదో పక్కటెముక దగ్గర సగం వెడల్పు ఎంతో, ఎదురుబొమ్మలో ఐదో గీత వెడల్పూ సరిగ్గా అంతే ఉండాలి. ప్రతి ఎముకకూ, ప్రతి ఎత్తులోనూ ఇది సరిచూసుకో. అర మిల్లీమీటరు తేడా కనిపించినా అక్కడే ఆగి, రెంటిలో ఏది తప్పో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లు. అజంతా గోడమీది బొమ్మ ఆధారంగా కట్టి, 2025 మే నెలలో కార్వార్‌లో మన నౌకాదళంలో చేర్చిన, పలకలను తాళ్లతో కుట్టిన ఓడ కౌండిన్య సంగతి చదివే ఉంటావు. వారికి నక్షాయే లేదు, బొమ్మ నుంచి ఆకారాన్ని రాబట్టుకుని, దాని నమూనాను మద్రాసు ఐఐటీలో నీటిలో పరీక్షించి ఆ తరువాత అసలు ఓడ కట్టారు. జెరాక్సు తీయించేముందు కాగితం మీద సరిగ్గా పది సెంటీమీటర్ల గీత ఒకటి అడ్డంగానూ ఒకటి నిలువుగానూ గీసి, నకలు వచ్చాక ఆ గీతలను కొలిచి చూడు, యంత్రం కొన్నిసార్లు ఒక వైపు సాగదీస్తుంది. కాగితాన్ని చెక్కకు అంటించేటప్పుడు నీళ్ల జిగురు వాడితే తడికి కాగితమే సాగిపోతుంది, గ్లూ స్టిక్ వాడు.

కలప విషయంలో చాలామంది టేకే గొప్పదనుకుంటారు. నిజమైన ఓడకు గొప్పదే. కాని టేకు నార ముతకగా ఉంటుంది, అందులోని గీతలు ఇంత చిన్న ఓడ మీద పగుళ్లలా కనబడతాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర నార సన్ననిది, రంగు దంతంలా ఉంటుంది, కత్తికి మెత్తగా లొంగుతుంది. పైపలకలకు దానికి మించినది నాకు దొరకలేదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి తేలిక, మెత్తన, ముందు వెనుక చివరల్లో ఎముకల మధ్య నింపే దిమ్మలకు అదే తగినది. ఎముకలకు మాత్రం నాలుగు మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్, ఓడ పొడవునా సాగి ఎముకలన్నిటినీ పట్టి ఉంచే వెన్నుకొయ్యకు ఐదు మిల్లీమీటర్లది చాలు. ఏ కలపైనా కొన్నాక ఇంట్లోనే కనీసం ఒక వేసవి ఆరనివ్వు. నా రెండో ఓడ చెడిపోయింది ఇక్కడే. ఒక అడితిలో ఆరిన కర్రే అని చెప్పిన మాట నమ్మి మార్చిలో బద్దలు కోయించి అదే నెలలో అతికాను. మే నెల ఎండలకు ప్రతి రెండు పలకల మధ్యా గోరు దూరేంత సందు వచ్చింది. సందుల్లో లప్పం నింపాను. జులై వానలకు చెక్క ఉబ్బి ఆ లప్పాన్ని బయటికి నెట్టింది, ఒకటి రెండు చోట్ల పలకలే పైకి లేచాయి. మన ఊరి వేసవికీ వానాకాలానికీ గాలిలో తేమ ఎంత మారుతుందో చెక్క మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన మాటకు వస్తాను. ఓడ అందం పైపలకల్లో కనిపిస్తుంది గాని, అది తయారయ్యేది అస్థిపంజరంలో. పలకలు అతకడం మొదలుపెట్టాలన్న ఆత్రం నీకు మూడో వారంలోనే కలుగుతుంది. నువ్వు ఇంకో నెల ఆగాలి.

వెన్నుకొయ్యలోనూ ఎముకల్లోనూ గాళ్లు కోసేటప్పుడు గీతకు కొద్దిగా లోపలే కోసి, ఆకురాయితో రుద్దుతూ సరిచేసుకో. ఎముకను బొటనవేలితో నొక్కితే దిగాలి. సుత్తితో కొడితే తప్ప దిగకపోతే అది వెన్నును వంచుతుంది, తనంతట తాను జారిపడితే వాలిపోతుంది. అతికేటప్పుడు బల్లను నమ్మకు, వంటింటి గ్రానైట్ గట్టు కన్నా చదునైనది నీ ఇంట్లో మరొకటి ఉండదు, మీ అమ్మను అడిగి రాత్రిపూట దాన్ని వాడుకో. ప్రతి ఎముకనూ మూలమట్టంతో రెండు వైపులా చూసి నిలబెట్టు. అన్నీ ఆరాక చివరి నుంచి చివరికి దారం కట్టి, ఎముకల నడిమి గుర్తులన్నీ దారం కింద ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడు.

ఆ తరువాతిది వాలు తీయడం. ఓడ మధ్యలోని ఎముకల అంచులు నేరుగా ఉంటాయి, కాని ముందుకీ వెనక్కీ పోయేకొద్దీ పలక ఏటవాలుగా వచ్చి ఆనుతుంది కనుక అంచును ఆ వాలుకే అరగదీయాలి. లేకపోతే పలక ఎముక మూల మీద మాత్రమే ఆనుతుంది, జిగురు పట్టదు. దీనికి నేను చేసే పని ఇది: ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గల నున్నని బద్దను తీసుకుని, దీపాన్ని అవతలివైపు పెట్టుకుని, ఎముకల మీదుగా బద్దను చేత్తో వంచి పడుకోబెడతాను. బద్దకూ ఎముకకూ మధ్య నుంచి వెలుతురు గీత కనిపిస్తే ఆ ఎముక లోపలికి ఉన్నట్టు. బద్ద ఒక ఎముక మీద ఎత్తుగా నిలిచి, దాన్ని మెల్లగా జరిపితే ఆ చోట చిన్నగా టక్కుమని తగిలితే, ఆ ఎముక బయటికి ఉన్నట్టు. బయటికి ఉన్నదాన్ని ఇసుకకాగితం చుట్టిన కర్రముక్కతో నాలుగుసార్లు రుద్ది మళ్లీ బద్ద వేసి చూడాలి, లోపలికి ఉన్నదానికి పల్చటి చెక్క పొర అతికించి మళ్లీ రుద్దాలి. డెక్కు ఎత్తు నుంచి అడుగు వరకు వేలెడు వేలెడు కిందికి దిగుతూ రెండు వైపులా ఇలాగే చూడాలి. ఇది ఒక సాయంత్రపు పని కాదు. నా ఐదో ఓడకు దీనికే పదకొండు రాత్రులు పట్టాయి, దాని పైపలకలు మాత్రం ఒక్కటీ బలవంతం చేయకుండా కూర్చున్నాయి. కళ్లు మూసుకుని అరచేయి నిమిరినా నీకు తెలుస్తుంది, కంటికి అందని మిట్ట చేతికి అందుతుంది.

పలకల లెక్క ముందే వేసుకో. మధ్య ఎముక మీద డెక్కు నుంచి వెన్ను వరకు కాగితపు పట్టీ చుట్టి కొలిస్తే 96 మిల్లీమీటర్లు వచ్చిందనుకో, నీ బద్ద వెడల్పు 4 మిల్లీమీటర్లయితే 24 పలకలు పడతాయి. మొదటి ఎముక మీద అదే కొలత 60 మిల్లీమీటర్లయితే ఆ 24 పలకలూ అక్కడ రెండున్నర మిల్లీమీటర్లకు సన్నబడాలి. ముందు భాగాన్ని మన జాలరులు అణియమనీ, వెనుక భాగాన్ని అమరమనీ అంటారు. అణియం దగ్గర పలక వెడల్పు సగానికంటే తగ్గకూడదు, అంతకన్నా తగ్గించాల్సి వస్తే రెండు పలకలను కలిపి ఒకటిగా ముగించాలి. బద్దను పావుగంట వేడినీళ్లలో నానబెట్టి, ఎముకల మీద వంచి, బట్టల క్లిప్పులతో బిగించి, రాత్రంతా అలాగే ఆరనిచ్చి మర్నాడే అతుకు. తడి బద్దను అతికితే ఆరేటప్పుడు అది ముడుచుకుని పక్కదానికి దూరమవుతుంది. మరొకటి, కుడివైపు ఒక పలక వేస్తే వెంటనే ఎడమవైపు దాని జోడు వేయాలి. నా మొదటి ఓడకు ఉత్సాహం కొద్దీ ఒక వైపు ఎనిమిది పలకలు వరసగా వేశాను. ఆరేసరికి వెన్నుకొయ్య అరటికాయలా ఒక పక్కకు వంగింది, ఎన్ని చేసినా మళ్లీ తిన్నబడలేదు.

పలకలను ఎముకలకు బిగించే చెక్క మేకులకు వెదురు వాడు. వెదురును అగ్గిపుల్లంత సన్నగా చీల్చి, కంసాలి తీగ సాగదీసే కమ్మచ్చులో పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి ఒక్కొక్కటిగా లాగితే గుండ్రని సన్నని పుల్ల వస్తుంది. పాతబస్తీలో కంసాలి పనిముట్లు అమ్మేచోట కమ్మచ్చు దొరుకుతుంది, మిగిలిన సామగ్రికి రాణిగంజ్ చాలు. చిన్న రంపం, రెండు ఉలులు, మూడు రకాల ఆకురాళ్లు, చేతి డ్రిల్లు ఉంటే నీ దోనె పూర్తవుతుంది. యంత్రాలు ఇప్పుడే కొనకు. కలప పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, జిట్రేగిది (రోజ్‌వుడ్) మరీను, రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

తెరచాపకొయ్యను గుండ్రటి పుల్ల కొని పెట్టకు, నాలుగు ముఖాల కర్రను ఎనిమిది ముఖాలుగా, పదహారు ముఖాలుగా చిత్రిక పడుతూ గుండ్రంగా చేస్తే పైకి సన్నబడటం సహజంగా వస్తుంది. తాళ్ల సంగతి పుస్తకం చదివితే సరిగా ఎక్కదు. వానాకాలంలో హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి, ఒక పూట గట్టు మీద కూర్చుని గాలి ఎటునుంచి వస్తే ఏ తాడు బిగుస్తుందో, ఏది వదులవుతుందో చూడు. కొయ్యను నిలబెట్టే తాళ్లు ఎప్పుడూ బిగువుగా ఉంటాయి, తెరచాపను నడిపేవి కొద్దిగా వేలాడతాయి, ఆ తేడా చూపించకపోతే ఓడ కట్టెబొమ్మలా ఉంటుంది. నూలు దారం నూగును కొవ్వొత్తి మంట పక్కగా వేగంగా లాగి కాల్చి, తేనెమైనం పట్టించు. తెరచాపకు పల్చని మల్లు గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే చాలు. చివరికి లక్క పాలిష్ రెండు పూతలు, అదీ మెరుపు రాకుండా. అద్దాల పెట్టెకు కింద నాలుగు చిన్న రంధ్రాలు పెట్టించు, ఏసీ గాలి నేరుగా తగిలేచోట ఉంచకు.

నీకున్న సమయంతో దోనె పూర్తవడానికి ఏడాదిన్నర పడుతుందని నా అంచనా. వచ్చే ఆదివారం మీ అమ్మతో కలిసి భోజనానికి రా. రెండేళ్లుగా అటక మీద ఆరుతున్న అంకుడు దిమ్మ ఒకటి నీకోసం దించి ఉంచాను, సామిల్లుకు తీసుకెళ్లి బద్దలు కోయిద్దాం. వచ్చేటప్పుడు నక్షాలోని మూడు బొమ్మల కొలతలూ పట్టికగా రాసి తీసుకురా, భోజనాలయ్యాక కూర్చుని ఒక్కొక్క ఎముకే సరిచూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య