తమ్ముడికి మళ్లీ నాలుగు లక్షలు ఇవ్వనా?

విజయనగరం నుంచి ఒక టీచరమ్మ రాశారు: "పలాసలో చిన్న జీడి ఫ్యాక్టరీ నడిపే మా తమ్ముడికి రెండుసార్లు సర్దాను. బయట 14 లక్షల అప్పుంది, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇప్పుడు మళ్లీ నాలుగు లక్షలు కావాలట, కారు మాత్రం అమ్మడట. ‘శ్రీలంకకి ఐఎంఎఫ్ (కష్టాల్లో పడ్డ దేశాలకు అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి) ఇస్తే లేవలేదా’ అంటాడు. ఎఫ్‌డీ తీసి ఇచ్చేయనా?"

అమ్మా, ఇప్పుడే తీయకండి. మీ తమ్ముడు శ్రీలంక కథ సగమే చెప్పాడు. 2022 ఏప్రిల్‌లో వాళ్లు విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేస్తే, ఐఎంఎఫ్ సుమారు 300 కోట్ల డాలర్లకు సరేనన్నది 2023 మార్చిలో. పాత అప్పులిచ్చినవాళ్లు కూర్చుని వాయిదాలూ వడ్డీలూ మార్చుకుంటామని మాటిచ్చేదాకా పైసా కదల్లేదు, అలా ముందుగా మాటిచ్చింది మన దేశమే. ఆ డబ్బైనా విడతలుగానే, పన్నులు పెంచారా, కరెంటు రేట్లు సరిచేశారా అని చూసుకుంటూ ఇస్తున్నారు. (జనం నలిగిపోయారనుకోండి, అది వేరే మాట.)

గ్రీసుకి 2010లో ఇది తిరగబడింది. పాత అప్పు తగ్గించకుండానే 11,000 కోట్ల యూరోల సాయం ప్రకటించారు, వచ్చిందాంట్లో చాలావరకు పాత బాకీలే మింగేశాయి. ప్రైవేటు వాళ్ల అప్పులకు కోత పడింది 2012లో, అంటే ఆలస్యంగా. ఆ ముక్క 2013లో ఐఎంఎఫ్ తన నివేదికలోనే రాసుకుంది.

మీ లెక్కా అంతే. 14 లక్షలకు నెలకు 42,000 వడ్డీ, మీ నాలుగు లక్షలు పది నెలలు తిరక్కముందే వడ్డీకే అయిపోతాయి, అసలు కదలదు. అందుకే ముందు అప్పులిచ్చినవాళ్లని ఒకచోట కూర్చోబెట్టండి, ఇప్పటిదాకా కట్టిన వడ్డీ లెక్క ముందుపెట్టి రూపాయి వడ్డీకి దిగమనండి, ప్రోనోట్లు తిరగరాయించండి. వడ్డీ నెలకు 14,000కి దిగితేనే మీ డబ్బుకి పని ఉంటుంది. అప్పుడు కూడా తమ్ముడి చేతికివ్వకుండా 80 కిలోల జీడిపిక్కల బస్తాలు అమ్మే షావుకారుకే ఓ లక్ష కట్టి, పప్పు అమ్మిన పద్దు చూశాక రెండో లక్ష సంగతి ఆలోచించండి.

ఇక కారు, అంటే తమ్ముడు తన వంతుగా వదులుకోవాల్సింది. పాకిస్తాన్ 1958 నుంచి ఇరవైకి పైగా సార్లు ఐఎంఎఫ్ గుమ్మం తొక్కింది, గండం గడిచాక ఇచ్చిన మాట గట్టున పెట్టడం అక్కడ మామూలే. 1997లో అప్పుల్లో మునిగిన దక్షిణ కొరియాలోనేమో దేశం బాకీ తీర్చడానికి ఆడవాళ్లు పెళ్లి ఉంగరాలు సైతం తెచ్చిచ్చారు, 2001 ఆగస్టుకల్లా, గడువుకు మూడేళ్ల ముందే, ఐఎంఎఫ్ బాకీ తీర్చేశారు. మీ తమ్ముణ్ణి ఇంకోసారి అడిగి, కారు గురించి ఏమన్నాడో నాకు రాయండి.