విమర్శ, అమర్షం, విమృశ్యకారి

సందేహం: రాజనీతి తత్త్వశాస్త్రం మీద వచ్చే వ్యాసాల్లో “విమర్శనాత్మక సిద్ధాంతం తన లక్ష్యాలను పునరాలోచించుకోవాలి” అన్న మాట తరచు కనిపిస్తోంది (ఇంగ్లీషులో ‘క్రిటికల్ థియరీ’ అనేదాన్నే ఇలా అంటున్నారు). విమర్శ అంటే తప్పులు పట్టడమే కదా, అలాంటి సిద్ధాంతానికి వేరే లక్ష్యం ఏముంటుంది? అసలీ పేరు సరైనదేనా? ‘విమర్శాత్మక’ అనాలా, ‘విమర్శనాత్మక’ అనాలా?

సమాధానం: ఈ సందేహం రావడంలో మీ తప్పేమీ లేదు. రోజూ పేపరు తెరిస్తే ఫలానా నాయకుడు విమర్శలు గుప్పించాడనీ, విమర్శల వర్షం కురిపించాడనీ చదువుతున్నాం. తిట్టాడని రాయడానికి మొహమాటపడి విమర్శించాడని రాస్తున్నారు. తిట్టును తిట్టనే రాయవచ్చు, దానికి మంచి మాటను బలి పెట్టనక్కర్లేదు.

విమర్శకు మూలం ‘మృశ్’ ధాతువు. తాకడం, తడమడం దాని అర్థం. ‘వి’ ముందు చేరితే, ఒక విషయాన్ని నలువైపులా తడిమి చూసి ఆలోచించడం. పరామర్శ కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే. కొందరు ‘విమర్ష’ అని రాస్తున్నారు. అది మరీ అన్యాయం. ‘మృష్’ వేరే ధాతువు, దానికి ఓర్చుకోవడం అని అర్థం. ఓర్వలేని కోపం అమర్షం. పత్రికలు విమర్శ అంటున్నదాంట్లో చాలా భాగం నిజానికి అమర్షమే.

విమర్శకూ అమర్షానికీ ఉన్న తేడా తెలియాలంటే సంస్కృత కవి భారవిని చదవాలి. ఆయన కావ్యం కిరాతార్జునీయం మొదటి సర్గలో ద్రౌపది, రెండో సర్గలో భీముడు ఇక ఊరుకోవద్దని ధర్మరాజును నిలదీస్తారు. వాళ్ళ కోపం న్యాయమైనది, జరిగిన అవమానం అలాంటిది. అప్పుడు ధర్మరాజు అంటాడు:

సహసా విదధీత న క్రియా
మవివేకః పరమాపదాం పదమ్ |
వృణతే హి విమృశ్యకారిణం
గుణలుబ్ధాః స్వయమేవ సంపదః ||

తొందరపడి ఏ పనీ చేయరాదు, వివేకం లేకపోవడమే పెద్ద ఆపదలకు చోటు, విమర్శించి పని చేసేవాణ్ణి అతని గుణాలకు ఆశపడి సంపదలు తామే వచ్చి వరిస్తాయి అని తాత్పర్యం. ‘విమృశ్యకారి’ అన్న మాటను నేను ఎన్నిసార్లు తలుచుకున్నా తృప్తి తీరదు. ఆలోచించి ఊరుకునేవాడు విమృశ్యకారి కాడు, ఆలోచించకుండా దూకేవాడూ కాడు. విమర్శ, కార్యం ఒక్క సమాసంలో విడదీయరాకుండా కలిసిపోయాయి. ధర్మరాజు యుద్ధం వద్దనలేదన్నది గమనించండి.

1937లో జర్మన్ తత్త్వవేత్త మాక్స్ హోర్క్‌హైమర్ సంప్రదాయ సిద్ధాంతానికీ విమర్శనాత్మక సిద్ధాంతానికీ గీత గీసినప్పుడు చెప్పినదీ దీనికి చాలా దగ్గర. లోకం ఎలా ఉందో బయట నిలబడి వర్ణించి ఊరుకుంటే చాలదు. మనుషుల్ని కట్టిపడేసే పరిస్థితుల నుంచి వాళ్ళ విడుదలకు ఆ జ్ఞానం పనికిరావాలి. అంతేకాదు, ఆలోచించేవాడు కూడా ఆ సమాజంలోని వాడేనని మరిచిపోకూడదు. తప్పులు పట్టడం ఇందులో ఒక భాగం మాత్రమే.

లక్ష్యాలను పునరాలోచించుకోవాలన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది. అదే సంప్రదాయానికి చెందిన జర్మన్ తత్త్వవేత్త యుర్గెన్ హాబర్మాస్ 1981లో విమర్శకు ఆధారాన్ని మనుషుల మధ్య నిర్బంధం లేని సంభాషణలో వెతికాడు. 1985లో అమెరికన్ తత్త్వవేత్త నాన్సీ ఫ్రేజర్, మరి ఇంట్లో ఆడవాళ్ళ పని, వాళ్ళ మీద పెత్తనం హాబర్మాస్ లెక్కలోకి ఎందుకు సరిగా రాలేదని అడిగింది. 2016లో మరో అమెరికన్ తత్త్వవేత్త ఏమీ అలెన్, పురోగతి మీద ఈ సిద్ధాంతం పెట్టుకున్న నమ్మకంలో వలసపాలన ఛాయలున్నాయని గట్టిగా వాదించింది. అంటే ఇతరుల్ని తూచే తూనికరాళ్ళనే తూచి చూడమని అడుగుతున్నారు. నా దృష్టిలో ఇది ఆ సిద్ధాంతం దారి తప్పడం కాదు, దాని అసలు పని.

కాశ్మీర శైవ దార్శనికుడు ఉత్పలదేవుడు విమర్శ అన్నది కూడా దీనికి దూరం కాదు. చైతన్యం తన్ను తాను ఎరగడమే విమర్శ. అది లేని ప్రకాశం, అంటే వస్తువుల్ని కనబరిచే చైతన్యపు వెలుగు, ఆ వస్తువుల రంగులు ఎన్ని పులుముకున్నా, స్ఫటికంలాగా జడమేనన్నాడు. ఆయన రాజకీయం మాట్లాడలేదు గనుక ఈ పోలికను ఎక్కువ దూరం లాగను.

 

పేరు సరైనదేనా అంటే, ‘విమర్శ’ వరకు నాకు అభ్యంతరం లేదు. పేచీ అంతా ‘సిద్ధాంతం’తోనే. తేలిపోయిన నిర్ణయాన్ని సిద్ధాంతం అంటాం. తన లక్ష్యాల్నే మళ్ళీ ప్రశ్నించుకునేదాన్ని అలా పిలవడం ఇబ్బందే. ‘విమర్శ దర్శనం’ అంటే బాగుంటుందేమో, కానీ అందరికీ అలవాటైన పేరును మార్చమని పట్టుబట్టను. ఇక రూపం సంగతి: విమర్శ నుంచి విమర్శాత్మక, విమర్శనం నుంచి విమర్శనాత్మక, రెండూ సాధువులే. వాడుకలో రెండోదే ఎక్కువ. ‘విమర్షాత్మక’ మాత్రం రాయకండి.